చిన్నమ్మా, నేనూ, జర్మనూ

నేను జర్మన్ చదువుతున్నానంటే ఉదయగిరిలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు జాలిపడ్డారు. మా నాయన ఆర్టీసీలో డ్రైవరు. హైదరాబాదులో పెద్ద యూనివర్సిటీలో కూతురికి సీటు వచ్చిందని బస్టాండులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. "ఏం కోర్సు?" అని ఎదుటివాడు అడిగేసరికి మాత్రం గొంతు కాస్త తగ్గించి, "అదేదో ఫారిన్ లాంగ్వేజిలే," అని మాట మార్చేవాడు.

నిజానికి నేను కోరుకున్నది ఇంగ్లిష్ సాహిత్యం. దానికి నా ర్యాంకు చాలలేదు. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని మళ్ళీ పరీక్ష రాస్తావా, దొరికిన జర్మన్‌లో చేరిపోతావా అని అమ్మ అడిగింది. ఇంట్లో కూర్చోవడం అన్న మాట వినగానే నాకు ఊపిరాడలేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఒకచోట కుదురు లేదు. అన్నానికి కూర్చున్నా మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చేదాన్ని. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏందే ఆ తిరుగుడు," అని అవ్వ విసుక్కునేది. కాబట్టి జర్మన్ మీద ప్రేమతో కాదు, ఇంట్లో కూర్చోలేక జర్మన్‌లో చేరాను.

మొదటి రోజు క్లాసులోకి నూలుచీర కట్టుకున్న ఒక మేడమ్ వచ్చారు. వచ్చీ రాగానే జర్మన్‌లో మొదలుపెట్టారు. ఒక్క ఇంగ్లిష్ మాట లేదు. నాకు ఇంగ్లిషే అంతంతమాత్రం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసులో సగంమంది సిటీ స్కూళ్ళలో జర్మన్ చదివి వచ్చినవాళ్ళు. మేడమ్ ఏదో అనేవారు, వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒక క్షణం ఆలస్యంగా నేనూ నవ్వేదాన్ని. దేనికి నవ్వానో నాకే తెలిసేది కాదు. జర్మన్‌లో ఒక అచ్చు ఉంది. నోట్లో 'ఈ' అనాలి, పెదవులు మాత్రం 'ఊ' అన్నట్టు చుట్టాలి. హాస్టల్ బాత్రూమ్ అద్దం ముందు నిలబడి పెదవులు నొప్పి పుట్టేదాకా ప్రయత్నించాను. వచ్చింది 'యూ'. మర్నాడు క్లాసులో అదే 'యూ' అన్నాను. మేడమ్ అది ఎలా పలకాలో పక్కవాళ్ళని అడగమన్నారు.

నెల తిరగకుండానే బ్యాగు సర్దుకుని ఊరికి వచ్చేశాను. ఇక వెళ్ళనని చెప్పాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాయన మాత్రం, "సరేలే, ఇక్కడే డిగ్రీ కాలేజీలో చేరతాదిలే," అన్నాడు. ఆ 'ఇక్కడే' అన్న మాట వినడంతోనే మళ్ళీ కాళ్ళు దురదపెట్టాయి. అక్కడా ఉండలేను, ఇక్కడా ఉండలేను. మా ఇంటి ముందు దుర్గం కొండ. దాన్నే చూస్తూ గడప దాటి బయటికీ, మళ్ళీ లోపలికీ తిరుగుతున్నాను. అప్పుడు వచ్చింది చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. అవ్వతో కలిసి మా వీధిలోనే ఉండేది. ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. అప్పటికి నలభైకి కొంచెం తక్కువ వయసు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగితే, "తీరిక దొరకలా," అనేది. మనిషి సన్నగా ఉండేది, మాట మాత్రం గట్టి. డ్యూటీ దిగి యూనిఫాం సంచీ భుజానికి వేసుకునే నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఏందిమే, పండగా పబ్బమా, ఇప్పుడెందుకు వచ్చినావు?"

"నాకొద్దు చిన్నమ్మా ఆ చదువు. నోరు తిరగడంలా."

"ఇన్నాళ్ళూ ఏం చెప్పినారు?"

"పేరు చెప్పడం, ఊరు చెప్పడం, ఎట్టా ఉండారని అడగడం."

"అయితే అది నాకు నేర్పు."

నేను ఎగతాళి చేస్తోందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, అరుగు మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. వాళ్ళ ఆస్పత్రిలో పనిచేసే కలువాయి అమ్మాయి ఒకతె జర్మనీకి నర్సుగా పోవడానికి భాష నేర్చుకుంటోందట. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ, చూసుకునేవాళ్ళు తక్కువ, భాష వస్తే వీసా వస్తుందని చెప్పిందట.

"దానికొస్తే నాకెందుకు రాదు?" అంది చిన్నమ్మ.

"నాకే రాదంటా ఉంటే, నీకేం నేర్పేది?"

"నీకొచ్చింది నేర్పు. రానిది పోయి నేర్చుకో. నేర్చుకొని ఫోన్లో చెప్పు."

అంత తేలిగ్గా తేల్చేసింది. ఆ సాయంత్రం అరుగు మీద ఆమెకు 'ఇష్ హైసె' అంటే 'నా పేరు' అని నేర్పాను. ఆ 'ఇష్'లో 'ష్' మన 'ష' కాదు, 'ష'కీ 'హ'కీ నడుమ ఎక్కడో ఉంటుంది. నాకు రానిది చిన్నమ్మకూ రాలేదు. కానీ ఆమె సిగ్గుపడలేదు. తప్పు పలికి, నవ్వి, మళ్ళీ పలికింది. నాలుగో రోజు నేను హైదరాబాదు బస్సు ఎక్కాను.

అప్పటి నుంచి నాకు చదువుకి ఒక కారణం దొరికింది. చిన్నమ్మ కంటే ఒక పాఠం ముందు ఉండాలి. ఆమె రోజూ ఆత్మకూరులో బస్సెక్కి సీటు దొరకగానే ఫోన్ చేసేది. అదే మా క్లాసు. కొన్నిసార్లు ఆ బస్సు మా నాయనదే అయ్యేది. ఆమె డ్రైవరు సీటు వెనకాల కూర్చుని అంకెలు వల్లెవేస్తుంటే నాయనకూ వచ్చేశాయి. ఇంట్లో ఒకరోజు నాయన బియ్యం కొలుస్తూ "ఐన్స్, స్వై, డ్రై" అంటుంటే అమ్మ నోరు తెరిచింది. "నేనేం చేసేదే, మీ చెల్లెలు చెవిలో పోసింది," అన్నాడు.

బస్సులో జనం మొదట్లో ఆమెను వింతగా చూశారట. ఒక పెద్దాయన, "ఏ భాషమ్మా అది, అరవం కాదే," అన్నాడట. జర్మనీ భాష అని చెబితే, "వాళ్ళకెవరికో ఫోన్ చేసినావా?" అన్నాడట. మా అక్క కూతురికి చేశానని చెప్పేసరికి ఆయన బొత్తిగా అయోమయంలో పడి కిటికీ వైపు తిరిగాడట.

అన్నిటికన్నా పెద్ద తమాషా చర్చి మెట్ల మీద జరిగింది. మాది బాప్టిస్టు కుటుంబం, మా ముత్తాతల కాలం నుంచీ. ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళ కూటానికి చిన్నమ్మ కొంచెం ముందుగా వెళ్ళి, మెట్ల మీద కళ్ళు మూసుకుని క్రియలు వల్లెవేస్తోంది. ఇష్ బిన్, దు బిస్ట్, ఎర్ ఇస్ట్. నేనున్నాను, నువ్వున్నావు, అతనున్నాడు. తెలియని భాష పలికించేది పరిశుద్ధాత్మేననుకుని పాస్టరమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, నీకు భాషల వరం దిగినాదే!"

"దిగలేదక్కా. ఫోన్లో నేర్చుకుంటా ఉండాను."

పాస్టరమ్మ ఆమె చేతులు వదలకుండానే, "ఫోన్లో ఇయ్యకూడదని ప్రభువుకేమన్నా ఉండాదా?" అందట. ఆ రోజు నుంచీ ప్రతి కూటంలోనూ చిన్నమ్మ జర్మన్ కోసం ప్రార్థన జరిగేది. నా చదువు కోసం ఎవరూ చెయ్యలేదు. అది విని నేను కాస్త ఉడుక్కున్నాను కూడా.

రెండో సెమిస్టర్లో ఒక రోజు మేడమ్ 'వైల్' అనే మాట చెప్పారు. 'ఎందుకంటే' అని అర్థం. ఆ మాట వస్తే వాక్యంలో క్రియ ఎక్కడో మధ్యలో ఉండదు, చివరికి పోతుంది. సిటీ పిల్లలు తలలు పట్టుకున్నారు. వాళ్ళు ఇంగ్లిష్‌లో ఆలోచించి జర్మన్‌లోకి తెచ్చుకునేవాళ్ళు, అందుకని క్రియ దారిలోనే జారిపోయేది. నేను తెలుగులో ఆలోచిస్తాను. 'నేను నిన్న ఊరి నుంచి ఆలస్యంగా వచ్చాను కాబట్టి' అనేటప్పుడు 'వచ్చాను' మనకు ఎక్కడుంటుందో అక్కడే వాళ్ళకూ ఉంది. మొదటిసారి చెయ్యెత్తాను. మొదటిసారి తప్పులేకుండా చెప్పాను. మేడమ్ ఇంగ్లిష్‌లో, "నువ్వు తెలుగమ్మాయివి కదా, నీకు ఇది ఇంటి సొత్తు," అన్నారు. ఆ సాయంత్రం చిన్నమ్మకి ఆ పాఠం చెబితే, "ఇందులో ఏముండాది, మనం మాట్లాడేదే గదా," అని తేల్చేసి తర్వాతి పాఠం అడిగింది.

అయినా కుదురు రాలేదు. సెలవు రోజున హాస్టల్లో ఉండలేక ఏదో ఒక సిటీ బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా పోయి వచ్చేదాన్ని. మూడో ఏడాదిలో సంస్కృతి పాఠాలు వచ్చాయి. వాళ్ళ రొట్టెల రకాలు, వాళ్ళ పండగలు, కొత్తవాళ్ళని ఎప్పుడు 'మీరు' అనాలి, ఎప్పుడు 'నువ్వు' అనొచ్చు, రెండు యుద్ధాలు, దేశం మధ్యలో నిలబెట్టిన గోడ, దాన్ని కూలగొట్టడం. అన్నీ నచ్చేవి, ఏదీ చాలేది కాదు. చూడని దేశంలో రొట్టె వాసన గురించి మూడు పేజీలు రాసి మార్కులు తెచ్చుకోవడం వింతగా ఉండేది. మీ ఊరి వస్తువు ఒకటి తెచ్చి దాని గురించి జర్మన్‌లో మాట్లాడండి అన్నారు ఒకసారి. నేను ఉదయగిరిలో చేసే చెక్క గరిటెలు, ఫోర్కులు తీసుకెళ్ళాను. వాటిని చెక్కే విధానం చెప్పడానికి నాకు మాటలు చాలలేదు. మేడమ్ అందిస్తూ పోయారు, నేను చెబుతూ పోయాను. అయ్యాక ఆవిడ ఒక గరిటె పట్టుకుని తిప్పి చూసి, ఇది నాకిస్తావా అన్నారు. ఇచ్చేశాను.

చిన్నమ్మ ఆలోపు నా చేతుల్లో నుంచి జారిపోయింది. నర్సులకు కావలసిన పై మెట్టు పరీక్ష ఫోన్ పాఠాలతో అయ్యేది కాదని ఆన్‌లైన్ కోచింగులో చేరింది. అయినా బస్సులో ఫోన్ మానలేదు. వాళ్ళు చెప్పింది నాకు అప్పజెప్పేది. ఒక అక్షరం మాత్రం ఆమెకు నేను నేర్పలేకపోయాను. గొంతు వెనక నుంచి గరగరమని వచ్చే 'ఖ'. వాళ్ళ ఆస్పత్రి ల్యాబులో పనిచేసే అనుమసముద్రంపేట నుంచి వచ్చే ఒకాయన ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. చిన్నమ్మ అవస్థ చూసి, "ఇంతేనా, 'ఖబర్' అను, అదే," అన్నాడట. అప్పటి నుంచి ఆమె 'ఖ' నాకన్నా బాగుండేది.

పరీక్ష చెన్నైలో. తోడుగా నేనూ వెళ్ళాను. రాతపరీక్ష బాగానే రాసింది. మాట్లాడే పరీక్షలో ఇద్దరు జర్మన్‌వాళ్ళు ఎదురుగా కూర్చుని, ఒక బొమ్మ చూపించి దాని మీద మాట్లాడమన్నారట. బొమ్మలో ఒక ముసలాయన వంటింట్లో ఒంటరిగా అన్నం తింటున్నాడట. చిన్నమ్మకు ఒక్క మాట రాలేదు. బయటికి వచ్చాక నేను ఏమైందని అడిగితే, "ఆయన్ను చూస్తా ఉంటే భాష మర్చిపోయినాను," అంది. తిరుగు ప్రయాణంలో నెల్లూరు బస్టాండులో ఆత్మకూరు బస్సు కోసం నిలబడినప్పుడు, "ఆయనకు పక్కన కూర్చోడానికి ఎవరన్నా కావాలి. అది జర్మన్‌లో ఎట్టా చెప్పాలి?" అని అడిగింది. చెప్పాను. రెండోసారి రాసినప్పుడు పాసైంది.

అదే ఏడాది నేను అక్కడే ఎంఏలో చేరాను, మా యూనివర్సిటీ నుంచి ఒక సెమిస్టర్ జర్మనీలో చదివే అవకాశానికి ఇంటర్వ్యూ పెట్టారు. నేను ఖాయమనుకున్నాను. మార్కులున్నాయి, మేడమ్ మాట సాయమూ ఉంది. ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన అడిగిన ప్రశ్న చాలా మామూలుది: "నువ్వు ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు?" నేను నోరు తెరిచాను. సంస్కృతి, సాహిత్యం, భాష అని అందరూ చెప్పేవే చెప్పాను. ఆయన, "అవి ఇక్కడ కూడా ఉన్నాయిగా, నీకు అక్కడ ఏం కావాలి?" అన్నాడు. అప్పుడు నిజం చెప్పాలనిపించింది. ఏం కావాలో తెలియదు, ఇక్కడ ఉండలేకపోతున్నాను, అంతే. కానీ ఆ మాట ఇంటర్వ్యూలో చెప్పేది కాదని నాకు తెలుసు. ఊరుకున్నాను. ఢిల్లీ నుంచి వచ్చి మాతో చదివే అబ్బాయికి సీటు ఇచ్చారు. ఇచ్చిన వారానికి చిన్నమ్మకు వీసా వచ్చింది.

ఆ వేసవిలో నేను ఊళ్ళో ఎవరికీ మొహం చూపించలేదు. సాయంత్రాలు కొండ దారి పట్టుకుని నడిచేదాన్ని. కొండెక్కాలని కాదు, సగం దూరం పోయి వెనక్కి వచ్చేదాన్ని. చిన్నమ్మ ప్రయాణం హడావుడిలో ఉన్నా, ఒకరోజు నా వెంట వచ్చింది.

"నా మీద కోపమా?" అని సూటిగా అడిగింది.

"లేదు. కుళ్ళుగా ఉండాది."

"ఉంటాదిలే. నేనైనా అంతే." కాసేపు నడిచాక, "నాకు భయంగా ఉండాది, ఆ సంగతి ఎవురికీ చెప్పబాకు," అంది.

ఆమె భయపడడం నేను అంతకుముందు ఎరగను. చెన్నై విమానాశ్రయంలో లోపలికి పోతూ ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోయేదాన్నని తర్వాత చెప్పింది.

ఆమె చేరింది ఒక చిన్న ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమం. మొదటి ఫోన్‌లోనే మండిపడింది. "నువ్వు నేర్పింది వీళ్ళు మాట్లాడరుమే! పుస్తకంలో భాష ఒకటి, వీళ్ళ నోట్లో భాష ఇంకోటి." నేను నవ్వాను. మనం మాట్లాడినట్టు పేపర్లో రాస్తారా అని అడిగితే శాంతించింది.

కొన్నాళ్ళకు ఒక అవ్వ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆశ్రమంలో ఒకావిడ రోజూ సాయంత్రం కోటు తొడుక్కుని, చేతిసంచీ పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుందట. 'ఇష్ ముస్ హైమ్' అంటుందట. నేను ఇంటికి పోవాలి అని.

"మరి మీరేం చేస్తారు?"

"తక్కినవాళ్ళు, ఇదే మీ ఇల్లు అంటారు. అట్టా అంటే ఆమెకు ఇంకా కోపం. నేనట్టా అన్లేదు. రెండు కుర్చీలు తెచ్చి తలుపు కాడ వేసినాను. బస్సు ఇంకా వస్తాదిలే, కూర్చుందాం అన్నాను. ఇద్దరం కూర్చున్నాం. కాఫీ టైమయ్యేసరికి ఆమే లేచి కోటు విప్పింది."

మళ్ళీ చిన్నమ్మే అంది, "ఇల్లు కొడుకు ఎప్పుడో అమ్మేసినాడంట. అయితే ఆమె చెప్పేది ఆ ఇల్లు కాదనిపిస్తా ఉండాది. ఏదో ఊరి పేరు చెప్తాది. ఇక్కడ ఎవురికీ తెలీదు."

ఆ పేరు మళ్ళీ చెప్పించి, రికార్డు చేసి పంపమన్నాను. వణికే గొంతు, మధ్యలో ఊపిరి. ఎన్నిసార్లు విన్నా సగమే పట్టుబడింది. మేడమ్‌కి వినిపించాను. ఆవిడ ఉచ్చారణ వినగానే తూర్పు వైపు అన్నారు. లైబ్రరీలో పాత దేశపటాలు తెరిచి ఇద్దరం వెదికాం. దొరికింది. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలో లేదు, పోలండులో ఉంది, పేరు కూడా మారింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడి జర్మన్‌వాళ్ళంతా ఇళ్ళు వదిలి పడమరకు వెళ్ళిపోవలసి వచ్చింది. చిన్నమ్మ చెప్పిన అవ్వ అప్పటికి చంటిపిల్ల కాదు, అంతా గుర్తుండే వయసు. ఈ చరిత్ర నేను మూడో ఏడాదిలో చదివి పరీక్ష రాసిందే. మార్కులూ వచ్చాయి. కానీ కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడిన మనిషి అందులో ఉందని నాకు తట్టలేదు.

చిన్నమ్మ మర్నాడు ఆ అవ్వ పక్కన కూర్చుని, ఆ ఊరి పేరు పెట్టి, మీ ఊళ్ళో ఏముండేవి అని అడిగిందట. ఆవిడ బాతుల గురించి చెప్పిందట. వాళ్ళ ఇంటి వెనక చెరువు, చలికాలం అది గడ్డకడితే బాతులు జారిపడడం, వాళ్ళ నాన్న వాటిని చంకన పెట్టుకుని తేవడం. భోజనం గంట కొట్టినా ఆపలేదట. "సగం అర్థం కాలా. అయినా బాగుండింది," అంది చిన్నమ్మ.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఈ సంగతి మా అవ్వకు చెప్పాను. అవ్వ పుట్టినూరు సోమశిల డ్యాము కట్టినప్పుడు నీళ్ళలో మునిగిపోయింది. ఆ ఊరి గురించి అవ్వ ఎప్పుడూ మాట్లాడేది కాదు. మంచంలో పడుకునే అంతా విని, "ఆమె ఊరు నీళ్ళలో పోయినాదా, మనుషులు తీసుకున్నారా?" అని అడిగింది.

"మనుషులే అవ్వా."

"అయితే ఇంకా మేలే. ఊరన్నా ఉండాది."

అని అటు తిరిగి పడుకుంది. నేను చాలాసేపు ఆ మంచం పక్కన కూర్చున్నాను. లేచి బయటికి పోవాలనిపించలేదు. అలా కూర్చోవడం నాకే కొత్త. ఎంఏ చివర రాయవలసిన పరిశోధన వ్యాసం దేని మీద రాయాలో అప్పుడు తెలిసింది. తూర్పు నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు తమ ఊళ్ళ గురించి చెప్పుకున్న మాటల మీద రాశాను. అందులో ఒక అధ్యాయం మా అవ్వది. ఆమె కొన్నాళ్ళు ఏమీ చెప్పనంది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది: రేవు, చింతతోపు, వాళ్ళ నాయన వేరుశనగ పొలం. నేను అవి తెలుగులో విని జర్మన్‌లో రాశాను. 'చింతతోపు'కి వాళ్ళ భాషలో మాట లేదు. అలాగే ఉంచాను.

చదువు అయ్యాక యూనివర్సిటీలో ఇంకా ఉండవచ్చు. మేడమ్ ఉండమన్నారు. నేను ఉండలేకపోయాను. ఆత్మకూరులో ఒక బట్టల దుకాణం మీద గది తీసుకుని, నర్సింగ్ చదివిన అమ్మాయిలకు జర్మన్ చెప్పడం మొదలుపెట్టాను. కలిగిరి నుంచి, కలువాయి నుంచి, ఇటు ఉదయగిరి నుంచి బస్సుల్లో వస్తారు. కింద దుకాణంలో గిరాకీ ఎక్కువైన రోజున మా క్రియలు మాకే వినిపించవు. బోర్డు కట్టిన రోజున నాయన వచ్చి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, "పెద్దక్షరాలతో రాయించాల్సింది," అన్నాడు. ఇప్పుడు బస్టాండులో గొంతు తగ్గించడు.

అయినా పాఠం చెబుతూ చెబుతూ కిటికీ దగ్గరికి పోయి బస్సులు చూస్తాను. నాకే తెలియకుండా పోతాను. పిల్లలు నవ్వుకుంటారు.

చిన్నమ్మ మొన్న వేసవిలో సెలవు మీద వచ్చింది. మనిషి కొంచెం లావైంది, జుట్టు కత్తిరించుకుంది. ఎండకు తట్టుకోలేక రోజంతా తడిగుడ్డ మెడకు చుట్టుకుని తిరిగింది. ఇంట్లో ఆమెకూ కుదురు లేదు. అయిదింటికే లేచి, ఏం చెయ్యాలో తోచక వాకిలి ఊడ్చేది, ఊడ్చిందే మళ్ళీ ఊడ్చేది. అవ్వ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, "ఇద్దరూ ఒక ఉయ్యాల తొట్లోనే పెరిగినారు," అంది.

ఒక రోజు ఆమెను క్లాసుకు తీసుకెళ్ళాను. పిల్లలు మెరిసిపోతూ కూర్చున్నారు. మంచు పడుతుందా అక్కా, అక్కడ బిర్యానీ దొరుకుతుందా అక్కా అని అడిగారు. చిన్నమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. తర్వాత ఎవరూ అడగనిది కూడా చెప్పింది.

"మొదట్లో దినామూ ఏడుస్తారు. రూములో ఏడిస్తే ఎవురికీ తెలీదు, అది మంచిదే. ముసలోళ్ళను ఎత్తి ఎత్తి నడుం పోతాది. మీరు చూసుకునేవాళ్ళు చచ్చిపోతారు. బాతుల గురించి చెప్పిన అవ్వ ఒకామె ఉండింది, పోయిన చలికాలం నా చేతుల్లోనే పోయినాది. దానికి ఏడవడానికి సెలవియ్యరు. మర్నాడు ఆ మంచంలో ఇంకొకరుంటారు. ఇది తెలుసుకొని రండి. వద్దనడంలా."

కింద దుకాణంలో బేరమాడేవాళ్ళ గొంతులు వినిపించాయి.

మర్నాటి నుంచి ఇద్దరు రావడం మానేశారు. వాళ్ళలో ఒకమ్మాయి తల్లి కలిగిరి నుంచి పనిగట్టుకుని వచ్చి, నా మీద విరుచుకుపడింది. "మీ చిన్నమ్మ వచ్చి మా పిల్లను బెదరగొట్టింది. నువ్వేమో గమ్మున కూర్చున్నావు." ఆమెకు మంచినీళ్ళిచ్చాను. చిన్నమ్మ చెప్పింది అబద్ధమా అని అడిగాను. ఆమె నీళ్ళు తాగి, "అబద్ధం కాదులే. నేను కువైట్‌లో ఇంటిపని చేసినదాన్నే," అంది. ఆ తర్వాత గొంతు మార్చి, "అందుకేనమ్మా దాన్ని పంపాలనేది. దాని చేతిలో చదువన్నా ఉండాది," అంది. ఆమె కూతురు వారానికి తిరిగి వచ్చింది. రెండో అమ్మాయి రాలేదు.

చిన్నమ్మను నేను తప్పుపట్టలేదు. నాకు ఎవరన్నా అలా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. నేను పాఠాల్లో పోలేని చోటికి ఆమె పోయి చూసి వచ్చి చెప్పింది. నాకు ఇంకా అసూయ ఉంది, అది పోలేదు. కానీ ఇప్పుడు అది ఆమె మీద కాదు, ఆమె చూసి వచ్చినదాని మీద.

తిరిగి వెళ్ళే ముందు ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "ఒకసారి నా కాడికి రా. చదువుకి కాదు, ఉద్యోగానికి కాదు. ఊరికే రా, నాలుగు వారాలుండిపో," అంది. ఊరికే వెళ్ళడం అన్నది నాకు అంతవరకూ తట్టనే లేదు. ఇన్నేళ్ళూ ఆ దేశానికి పోవాలంటే సీటు కావాలి, ఎంపిక కావాలి, ఎవరో ముగ్గురి ముందు కారణం చెప్పాలి అనుకుంటూ వచ్చాను. వీసా ఇచ్చేచోట ఎందుకు వెళ్తున్నావని అడిగితే, మా చిన్నమ్మను చూడడానికి అని చెప్పాను. అది నిజమే కాబట్టి తడుముకోలేదు.

వీసా వచ్చింది. నా దగ్గర చదివే పిల్లలకు చెన్నైలో పరీక్ష ఉంది. అది కాగానే బయలుదేరతాను. నాకు ఆ చలి పడుతుందో లేదో, అక్కడ అయినా నాలుగు వారాలు ఒకచోట ఉండగలనో లేదో తెలియదు. బహుశా మూడో వారానికి ఏ రైలో ఎక్కి ఆఖరి స్టేషను దాకా పోతానేమో. నిన్న చిన్నమ్మ ఫోన్ చేసి, ఏమేం తేవాలో చెప్పింది. పచ్చళ్ళు వద్దంట, అక్కడే దొరుకుతాయంట.

"ఆత్మకూరులో నూలు నైటీలు తీసుకొని రా. జేబు ఉండేవి. వీళ్ళ దేశంలో ఎంత వెతికినా దొరకలా."

"ఏం రంగు?"

"ఏదైనా సరే. నీలం వద్దు, యూనిఫాం మాదిరి ఉంటాది."

సాయంత్రం క్లాసు ముగించుకుని కింద దుకాణంలోకి దిగాను.